వైజాగ్‌లో ఉండి సినిమాలకు నగలు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టొచ్చా? పెట్టుబడి ఎంత కావాలి?

పెట్టొచ్చు. నేను చేస్తున్నది అదే. కాకపోతే అందరూ పెట్టుబడి గురించే అడుగుతారు. ప్రతి నగా రెండేసి కొనే ఓపిక ఉందా లేదా, ముందు అది చెప్పండి. లేదంటే పూర్ణా మార్కెట్లో ఫ్యాన్సీ షాపు పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

ఎందుకంటే, భీమిలి బీచ్‌లో ఒకసారి పెళ్ళికూతురు పీటల మీంచి లేచి పరిగెత్తుకొచ్చే సీను తీశారు. కాసులపేరు, కెంపుల హారం, వడ్డాణం, వంకీలు, జడబిళ్ళలు అన్నీ మావే. హీరో చెయ్యి పట్టుకుని లాగే షాట్‌లో కాసులపేరు అతని చొక్కా గుండీకి తగులుకుని పుటుక్కున తెగింది. కాసులు కొన్ని ఇసకలో, కొన్ని అలల్లో. యూనిట్ అంతా వంగి ఏరుతోంది. ఎండ పోతోందని కెమెరామన్ గోల. అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు ఫోన్‌లో కంటిన్యుటీ ఫోటో పట్టుకుని, "అక్కా, క్లోజప్ తీసేశాం. ఇప్పుడు మెడలో అది లేకపోతే సీనంతా మళ్ళీ తియ్యాలి" అని ఏడుపు మొహం పెట్టాడు. వ్యాన్‌లోంచి రెండోది తీశాను. కాసుల లెక్కతో సహా అచ్చం అదే. కానీ అది ధగధగలాడుతోంది, మొదటిదేమో పొద్దుట్నుంచీ చెమటా ఉప్పుగాలీ తిని మసకబారింది. మేకప్ వాళ్ళ పౌడర్ పఫ్ అడిగి కాసు కాసుకీ అద్దాను. వెనక తాడు ఫోటోలో ఉన్నంత పొడవుకే ముడేసి పంపాను. మానిటర్ ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కరూ పోల్చుకోలేకపోయారు.

సాయంత్రం బిల్లు దగ్గర ప్రొడక్షన్ మేనేజర్ గారు ఏమన్నారో తెలుసా? "ఆ అమ్మాయి మెడలో ఉన్నది ఒకటే కదమ్మా, ఒకదానికే అద్దె ఇస్తాం." మరి తెగినదానికి? "అది మీ క్వాలిటీ సమస్య." హీరో గారి క్యారవాన్‌కి రాని లెక్కలన్నీ మా కాసుల దగ్గరే వస్తాయి వీళ్ళకి! అప్పట్నుంచీ అడ్వాన్సూ డిపాజిట్టూ చేతిలో పడందే పెట్టె తాళం తియ్యను. రిలీజయ్యాక ఇస్తామనే వాళ్ళకి దూరం నుంచే ఓ నమస్కారం.

అసలు బంగారమే పెట్టొచ్చుగా అని కొందరి సలహా. అసలు బంగారం తెర మీద తేలిపోతుందండీ. కురుపాం మార్కెట్లో లక్షలు పోసి కొన్న గొలుసు, కెమెరా నాలుగడుగులు వెనక్కి జరిగితే కనిపించదు. గిల్టు నగే నిండుగా ఉంటుంది. అదీ మరీ మెరిసేది వద్దు, లైటు పడితే తెల్లగా కొడుతుంది. మ్యాట్, యాంటిక్ ఫినిష్‌లే తీసుకోండి.

సరుక్కి బందరు వెళ్ళండి. అక్కడి చిలకలపూడి గిల్టు నగలకి ఊరికే రాలేదు ఆ పేరు. దేవతల వేషాలకీ నాట్యానికీ అయితే నాగర్‌కోయిల్ దగ్గర వడసేరి టెంపుల్ నగలు. వెండి మీద బంగారు రేకు తాపినవి కొనాలంటే చుక్కలు కనిపిస్తాయి, గిల్టులో అవే డిజైన్లు దొరుకుతాయి. మొదట ఒక పెళ్ళికూతురి సెట్టు జతగా కొని మొదలుపెట్టండి చాలు.

మన ఊళ్ళో అసలు ఖర్చు సముద్రం పెట్టిస్తుంది. పూత ఎక్కడ గీరుకుపోయినా కింద రాగికి ఉప్పుగాలి తగిలి నల్లగా, పచ్చగా చిలుం పడుతుంది. షూటింగ్ నుంచి రాగానే పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్కటీ విడిగా జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. వెల్వెట్ పెట్టెలు చూడ్డానికే, తేమంతా పీల్చుకుని కూర్చుంటాయి.

ఇంకొకటి. సినిమా ఆఫీసులు హైదరాబాద్‌లో, ఆరు వందల కిలోమీటర్ల అవతల. రుషికొండకో అరకుకో షూటింగ్ వచ్చి ఏదో మర్చిపోయినప్పుడే మనం గుర్తొస్తాం. అదీ అర్ధరాత్రి. మిగతా రోజులు డ్యాన్స్ ప్రోగ్రాములూ ప్రీ వెడ్డింగ్ షూట్‌లతో నెట్టుకురావాలి. ఇక పెళ్ళిళ్ళ సీజన్లో చుట్టాలు దిగుతారు, "సినిమా వడ్డాణం ఒక్క పూటకి ఇవ్వవే" అంటూ. వాళ్ళ దగ్గరా డిపాజిట్ తీసుకుంటాను. మా పెద్దాడపడుచు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.