కొక్కెం వైపు చూడు

ఎగ్మూరు, చెన్నై

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటిసారి మీ నాన్న స్నేహితుడిగా చదివి సంతోషపడ్డాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు గురించి. కాఫీ తాగి చదువు.

మొదటి పేరాలోనే 'ఆకాశాన్ని కబళించే ఉక్కు రాక్షసులు' అన్నావు. మూడో పేజీకి అవే 'ఇనుప కొంగలు' అయ్యాయి. ఆఖరి పేజీలో 'నగరానికి వేసిన ఉరికొయ్యలు'. ఒక్క క్రేనుకు ఇన్ని అవతారాలు. ఇంత చేసీ, ఆ క్రేను నీ కథలో ఒక్క ఇనుప చువ్వనైనా ఎత్తలేదు. పన్నెండు పేజీలూ ఊరికే నిలబడింది. అలాంటి కూలీని ఏ మేస్త్రీ రెండో రోజు పనికి పిలవడు.

కొంగ సంగతి. ఇంగ్లీషులో ఆ యంత్రానికి పెట్టిన పేరే ఒక పొడుగు మెడ పక్షిది. అంటే ఆ పోలికను ఎవరో ఎన్నో వందల ఏళ్ళ కిందట చేసేశారు. అది అరిగి అరిగి పేరుగా మిగిలింది. ఇప్పుడు నువ్వు దాన్ని కొంగ అనడం, కొంగను చూసి కొంగలా ఉందనడమే. పక్షులే కావాలనుకుంటే మన మెట్రో పనుల వైపు చూడవలసింది. సొరంగాలు తవ్వే యంత్రాలకు ఫ్లెమింగో, పెలికాన్, పీకాక్ అని పేర్లు పెట్టారు. ఎగిరేవాటి పేర్లు పాతాళానికి దిగేవాటికి! పెలికాన్, పీకాక్ తవ్వకం మొదలుపెట్టింది మన తెలుగు రాజావారి పేరున్న పానగల్ పార్కు దగ్గరే. నువ్వు వారానికి రెండుసార్లు చీరల కొట్లకు వెళ్ళే చోటు. నీ కథలో అది లేదు.

నేనేదో పుట్టుకతో ఇవన్నీ చూసినవాణ్ణి అనుకోకు. మా వీధి చివర ఎగ్మూరు స్టేషను. 1908లో తెరిచిన ఎర్ర ఇటుకల భవనం. 2022 మే నెలలో దాని పునర్నిర్మాణానికి శంకుస్థాపన చేశారు. అప్పటినుంచి అటు పూందమల్లి హైరోడ్డు వైపు, ఇటు గాంధీ ఇర్విన్ రోడ్డు వైపు కొత్త కట్టడాలు లేస్తున్నాయి. పాత భవనం మధ్యలో అలాగే ఉంది. రిటైరైన మనిషికి పొద్దున్నే వెళ్ళడానికి గుడి ఒకటి ఉండాలి కదా, నాకు అదే గుడి. టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాను. మొదటి వారం అందరిలాగే నేనూ తలెత్తి, ఆ పొడుగాటి చేయి తిరగడం చూశాను. మెడ పట్టేసింది. రెండో వారం మెడనొప్పి వల్లే చూపు కిందికి దిగి, కొక్కెం మీద ఆగింది. అప్పటినుంచి నాకు పని కనబడడం మొదలైంది.

కొక్కెం దగ్గర ఒక మనిషి ఉంటాడు. బరువుకు స్లింగు, అంటే ఎత్తడానికి వాడే గట్టి పట్టీ, చుట్టి, కొక్కేనికి తగిలించి, రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఇంకొకడి చేతిలో వాకీటాకీ. పైన కేబిన్లో కూర్చున్నవాడికి చాలాసార్లు బరువు కనబడదు, గోడకు అవతల దిగుతుంటుంది. కింది మనిషి మాటే అతని కళ్ళు. బరువు గాలిలో గిరగిరా తిరగకుండా దానికి ఒక తాడు కట్టి, మూడోవాడు ఆ తాడు చివర పట్టుకుని నడుస్తాడు. పెద్ద ఆవును తోలుకెళ్ళే పిల్లవాడిలా ఉంటాడు. (చూశావా, పోలిక నేనూ చేశాను. చెయ్యొద్దని కాదు. ఆ తాడు చూశాక చేశాను.)

వాళ్ళ మాటలు విను. బీహారు, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ, మధ్యలో మన శ్రీకాకుళం వాళ్ళు. ఎత్తమనడానికి 'హబేస్' అంటారు, దించమనడానికి 'ఆరియా'. నేను మొదట హిందీ అనుకున్నాను. కాదు, ఓడల మీద పనిచేసిన లస్కర్ల మాటలు. ఆరియా పోర్చుగీసు నుంచి వచ్చింది, తెరచాపను దించమని చెప్పే మాట. తెరచాపలు పోయాయి, ఆ నావికులు పోయారు, మాట మాత్రం రేవు గోదాముల మీదుగా నడిచి వచ్చి ఎగ్మూరులో ఒక వాకీటాకీలో కూర్చుంది. నీ కథలో కార్మికుడు ఏమన్నాడో గుర్తుందా? 'ఈ మహానగరం మా చెమటతో తడిసింది బాబూ' అన్నాడు. నేను ఇన్నాళ్ళుగా అక్కడ కూర్చుంటున్నాను, ఆ మాట ఎవరి నోటా వినలేదు. 'ఆరియా, ఆరియా, బస్' అన్నది రోజుకు వంద సార్లు విన్నాను.

ఇక అసలు కిటుకు. టవర్ క్రేను ఎంత బరువు ఎత్తుతుందని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎంత దూరంలో అన్నది మిగతా సగం. చేయి కింద ఒక ట్రాలీ ముందుకూ వెనక్కూ నడుస్తుంటుంది, కొక్కెం దానికే వేలాడుతుంది. స్తంభం దగ్గర పది టన్నులు అవలీలగా ఎత్తే క్రేను, చేయి చివరకు వెళ్ళేసరికి రెండు టన్నులకే చాలంటుంది. దాటబోతే లోపలి మీట తనంతట తనే పని ఆపేస్తుంది. వెనక వైపు పొట్టి చేతికి కాంక్రీటు దిమ్మెలు కట్టి ఉంటాయి, ముందరి బరువుకు సరితూగడానికి. నాకు ఇది మా ఊరి ఏతామే అనిపించింది. నువ్వు ఏతాం చూసి ఉండవు. గుంజ మీద పొడుగాటి దూలం, ఒక కొసన నీళ్ళ బాన, దూలం మీద ఒక మనిషి అటూ ఇటూ నడుస్తాడు. అతను ఇటు నడిస్తే బాన బావిలోకి దిగుతుంది, అటు నడిస్తే పైకి లేస్తుంది. అక్కడ మనిషి నడిచేవాడు, ఇక్కడ బరువు నడుస్తోంది. అంతే తేడా.

నీ కథలో అమ్మమ్మ చావు పదకొండో పేజీలో వస్తుంది. అంతకు ముందు ఆమె గురించి ఉన్నది ఒకే వాక్యం, అదీ ఆమె ఊరగాయ గురించి. చేయి చివరి కొసన పది టన్నులు తగిలించావు. నాకు ఏడుపు రాకపోవడం నా తప్పు కాదు.

నా తప్పు ఒకటి చెబుతాను, నీకు కాస్త ఊరటగా ఉంటుంది. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చినప్పుడు మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయి. ఆ వేడిలో ఒక కథ రాసి పత్రికకు పంపాను, అచ్చయింది కూడా. అందులో ఒక క్రేను బ్రేకులు బిగించుకుని, కదలక మెదలక రాత్రంతా తుపానుకు ఎదురొడ్డి నిలుస్తుంది. ధీరోదాత్త క్రేను. మిత్రులు మెచ్చుకున్నారు. పది రోజులకు ఒక కార్డు వచ్చింది, రాసినాయన క్రేను ఆపరేటరు. మర్యాదగానే రాశాడు. పని ముగించి దిగేటప్పుడు వాళ్ళు తిరుగుడు బ్రేకును వదిలేసి దిగుతారట. గాలి ఎటు వీస్తే చేయి అటు తిరిగిపోతుంది, గాలికోడిలాగా. అలా తిరగనిస్తేనే గాలి తోపు తక్కువగా తగులుతుంది. నా కథలోలాగా బిగించి ఉంచితే, ఆ తుపానులో అది పడిపోయేదేనట. నేను ధైర్యమని రాసింది ఆయన లెక్కలో ప్రమాదం. ఆ కథను నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. కార్డు మాత్రం దాచాను. అది నా కథకన్నా బాగుంది.

రాత్రిపూట వచ్చి చూడు. చీకట్లో, ఎర్ర దీపం వేసుకుని, ఎవరూ లేని ఆ చేయి సముద్రపు గాలికి మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఆ కార్డు రాకముందు, ఎవరో నడుపుతున్నారని నేననుకునేవాణ్ణి.

నీ కథలో చిన్నపిల్లవాడు తల్లిని అడుగుతాడు: 'ఇల్లు కట్టేశాక అది ఎలా దిగుతుందమ్మా?' కథ మొత్తంలో అన్నిటికన్నా మంచి వాక్యం అది. నువ్వేం చేశావు? జవాబు ఇవ్వకుండా సూర్యుణ్ణి అస్తమింపజేశావు. జవాబు తెలియనప్పుడు సూర్యాస్తమయం చేయించడం మా తరం అలవాటు, మీరు మానండి. అది ఎలా ఎక్కుతుందో ముందు తెలుసుకో. కొత్త ముక్క ఒకటి కొక్కేనికి తగిలించుకుని, పై భాగం ముందుకూ వెనక్కూ సరితూగేలా ట్రాలీని ఒక చోట నిలుపుతారు. ఆ సమయంలో చేయి తిప్పకూడదు. తర్వాత స్తంభం చుట్టూ ఉన్న చట్రంలోని హైడ్రాలిక్ జాకీ పై భాగాన్నంతా ఎత్తుతుంది. కేబిను, చేయి, దిమ్మెలు, అన్నీ. కింద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి కొత్త ముక్కను తోసి బోల్టులు బిగిస్తారు. తన మెడ కింద తానే ఒక మెట్టు పెట్టుకుని ఎక్కుతుందన్నమాట. దిగడం కూడా అంతే, ఒక్కో ముక్క తీసుకుంటూ. పొట్టిదయ్యాక నేల మీది మరో క్రేను వచ్చి దాన్ని విడగొడుతుంది. ఇదంతా ఆ తల్లి చెప్పనక్కర లేదు. నీకు తెలిస్తే ఆమె నోట ఏదో ఒక మాట వస్తుంది.

పట్టాల పైనుంచి బరువు దాటించాలంటే రైల్వే 'బ్లాక్' ఇవ్వాలి. ఆ కాసేపు రైళ్ళు రావు, పైన ఇరవై అయిదు వేల వోల్టుల తీగకు కరెంటు ఉండదు. కాకినాడ వెళ్ళే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఆగేది కూడా ఈ స్టేషనులోనే. మనవాళ్ళు కారప్పూస డబ్బాల మీద కూర్చుని, ఆలస్యానికి ఎవరిని తిట్టాలో తేల్చుకోలేక, పైకి చూస్తుంటారు. దీన్ని ఇంకెవరూ రాయలేదు, తీసుకో.

'పాత మద్రాసు చచ్చిపోతోంది' అన్న పేరా గురించి ఎక్కువ మాట్లాడను. నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. కానీ మౌంట్ రోడ్డులో ఎల్ఐసి మేడ 1959లో పూర్తయిన రోజుల్లోనూ పాత మద్రాసు చచ్చిపోయిందని అన్నవాళ్ళు ఉండే ఉంటారు. ఇప్పుడు ఆ మేడే పాత మద్రాసు. నువ్వు ఏడవదలుచుకుంటే ఇంకొకందుకు ఏడవవచ్చు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతుండగానే పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. మన భాషవాళ్ళు. నీ కథలో కార్మికుడికి ఊరు లేదు, పేరు లేదు, చెమట మాత్రమే ఉంది. ముందు అతనికి ఒక ఊరు ఇవ్వు.

కథను చింపకు. పిల్లవాడి ప్రశ్న ఉంచు, ఊరగాయ ఉంచు, రాక్షసుల్ని పంపించెయ్యి. ఇప్పుడే తిరగరాయకు కూడా.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా రా. ఎండ తొమ్మిదికే మొదలవుతుంది, గొడుగు తెచ్చుకో. నోట్‌బుక్ వద్దు, రాసుకుంటూ ఉంటే చూడడం ఆగిపోతుంది. టీ కొట్టతను గూడూరు మనిషి. నెల్లూరు అమ్మాయివని చెబితే టీలో చక్కెర ఎక్కువ వేస్తాడు, వద్దని ముందే చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య