ఇంటర్‌ఫేస్ నిర్వచనం వచ్చు, వాడటమే రావట్లేదు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాక్ ఇంటర్వ్యూలో ‘ఇంటర్‌ఫేస్ ఎందుకు?’ అని అడిగితే ‘జావాలో మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ కోసం’ అన్నాను. ‘ఇంకా?’ అన్నారు. అక్కడితో ఆగిపోయాను. దీని మీద పట్టు ఎలా వస్తుంది? నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తున్నారు, వాటికి పనికొచ్చే ప్రాజెక్టు ఏదైనా చేయాలని ఉంది.

జవాబు: మీరు చెప్పింది తప్పు కాదు. ఇంటర్‌ఫేస్ అంటే ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం, దాన్ని క్లాసులు అమలు (ఇంప్లిమెంట్) చేస్తాయి. జావాలో ఒక క్లాసు ఒకే క్లాసును ఎక్స్‌టెండ్ చేస్తుంది, ఇంటర్‌ఫేస్‌లనైతే ఎన్నింటినైనా ఇంప్లిమెంట్ చేస్తుంది. కానీ అడిగినవాళ్లు వినాలనుకున్నది అది కాదు. ప్రోగ్రామ్‌లో రేపు మారబోయే భాగం ఏదో పసిగట్టి, దాన్ని మిగతా కోడ్‌కు తగలకుండా విడిగా పెట్టగలరా అన్నది వాళ్ల ప్రశ్న. పది నిర్వచనాలు బట్టీ పట్టినా దీనికి జవాబు రాదు. ఒక్క ప్రాజెక్టు చేస్తే వస్తుంది, అది మీ చెరువు గట్టు మీదే ఉంది.

చెరువులో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రైతుకు హెచ్చరిక వెళ్లాలి, ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) వేసుకుంటారు. ప్రాజెక్టు ఇంతే. రాత్రి నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పీల్చుకోవడం మాత్రం అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది, మబ్బు పట్టిన మర్నాడైతే మరీను. ఆ వేళ ఎస్సెమ్మెస్ చూసేదెవరు? ఫోన్ మోగాలి. పగలైతే ఎస్సెమ్మెస్ సరిపోతుంది. నాలుగు రోజులు పోయాక వాట్సాప్‌లో రావాలంటారు. అంటే హెచ్చరిక పంపే పద్ధతి మారుతూ ఉంటుంది, ఎప్పుడు పంపాలన్న లెక్క మాత్రం మారదు. గీత గీయాల్సింది ఈ రెండింటి మధ్యే.

‘అలర్ట్‌సెండర్’ అని ఒక ఇంటర్‌ఫేస్ రాయండి. అందులో ‘సెండ్’ అనే ఒక్క మెథడ్ చాలు, చెరువు నంబరు, సందేశం తీసుకుంటుంది. ఎస్సెమ్మెస్‌సెండర్, కాల్‌సెండర్ అనే రెండు క్లాసులు దాన్ని ఇంప్లిమెంట్ చేస్తాయి. డీవో లెక్క చూసే పాండ్‌మానిటర్ క్లాసు తన కన్‌స్ట్రక్టర్‌లో అలర్ట్‌సెండర్‌నే తీసుకోవాలి, లోపల ఉన్నది ఏ క్లాసో దానికి తెలియకూడదు.

చాలామంది ఇంతవరకూ బాగానే వచ్చి, పాండ్‌మానిటర్ లోపలే ‘న్యూ ఎస్సెమ్మెస్‌సెండర్’ అని రాసేస్తారు. అప్పుడు ఇంటర్‌ఫేస్ ఉన్నా లేనట్టే. సెండర్‌ను మార్చిన ప్రతిసారీ మానిటర్‌ను మళ్లీ తెరవాలి. ఆ ‘న్యూ’ మెయిన్ మెథడ్‌లో ఉండాలి.

దీని లాభం టెస్టింగ్‌లో వెంటనే కనబడుతుంది. వచ్చిన సందేశాలను లిస్టులో దాచుకునే ఫేక్‌సెండర్ ఒకటి రాయండి. 3.2 రీడింగ్ ఇస్తే లిస్టులో ఒక సందేశం ఉండాలి, 5.5 ఇస్తే ఖాళీగా ఉండాలి. సరిగ్గా 4.0 ఇచ్చి కూడా చూడండి, తేడా వచ్చేది అక్కడే. సిమ్ అక్కర్లేదు, ఎస్సెమ్మెస్ ఖర్చూ లేదు. సెన్సార్‌కీ ఇదే పద్ధతి: డీవోరీడర్ అనే ఇంటర్‌ఫేస్ పెట్టి, మీటరు కొనేదాకా సీఎస్‌వీ ఫైలు నుంచి అంకెలు చదివే క్లాసుతో నడిపించుకోవచ్చు.

రాసేటప్పుడు తగిలే ఎర్రర్లు కొన్ని. ఇంటర్‌ఫేస్‌లో సెండ్ ముందు ‘పబ్లిక్’ అని రాయకపోయినా అది పబ్లిక్కే. కానీ క్లాసులో రాయడం మరిచిపోతే ‘వీకర్ యాక్సెస్ ప్రివిలేజెస్’ అంటూ కంపైలర్ ఆపేస్తుంది. ఇంటర్‌ఫేస్‌లో పెట్టిన వేరియబుల్ దానంతటదే పబ్లిక్ స్టాటిక్ ఫైనల్ అవుతుంది. కాబట్టి 4.0 అనే హద్దును అక్కడ పెడితే ఒక్కో చెరువుకు ఒక్కోలా మార్చలేరు, పాండ్‌మానిటర్‌లో ఫీల్డుగా పెట్టండి. ఇంకోటి, ఎస్సెమ్మెస్ బ్యాలెన్స్ చూసే మెథడ్‌ను అలర్ట్‌సెండర్‌లోకి తోయకండి. కాల్‌సెండర్‌కు దానితో పని లేదు, ఖాళీ మెథడ్ రాసుకోవాల్సి వస్తుంది. అలాంటి ఖాళీ మెథడ్ కనబడిందంటే ఇంటర్‌ఫేస్‌ను రెండుగా విడగొట్టాలన్నమాట.

‘ఇంటర్‌ఫేస్‌లో మెథడ్‌కు బాడీ ఉండదు’ అనే వాక్యం పాత నోట్సుల్లో ఇంకా తిరుగుతోంది, ఇంటర్వ్యూలో అనకండి. 2014లో వచ్చిన జావా 8 నుంచే డిఫాల్ట్, స్టాటిక్ మెథడ్లకు బాడీ ఉంది. పాత ఇంటర్‌ఫేస్‌కు కొత్త మెథడ్ చేర్చినా దాన్ని ఇంప్లిమెంట్ చేసిన క్లాసులు విరగకుండా ఉండటానికే డిఫాల్ట్ తెచ్చారు. రెండు ఇంటర్‌ఫేస్‌లలో ఒకే డిఫాల్ట్ మెథడ్ ఉంటే మీ క్లాసు దాన్ని తప్పనిసరిగా ఓవర్‌రైడ్ చేయాలి. మరి అబ్‌స్ట్రాక్ట్ క్లాసుతో తేడా? ప్రతి ఆబ్జెక్టుకూ విడిగా ఉండే ఫీల్డులు, కన్‌స్ట్రక్టర్ కావాలంటే అబ్‌స్ట్రాక్ట్ క్లాసు. ఇంటర్‌ఫేస్‌కు అవి ఉండవు.

మీకు తెలియకుండానే ఇంటర్‌ఫేస్‌లు వాడుతున్నారు కూడా. డీబీఎంఎస్ ల్యాబ్‌లో జేడీబీసీతో (జావా నుంచి డేటాబేస్‌ను వాడే పద్ధతి) పని చేసి ఉంటే కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడూ ఇంటర్‌ఫేస్‌లే. అసలు క్లాసులు డ్రైవర్‌లో ఉంటాయి. అందుకే మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారితే డ్రైవర్, యూఆర్ఎల్, అక్కడక్కడా ఎస్‌క్యూఎల్ మార్చాలి గానీ జావా కోడ్ చాలావరకు అలాగే ఉంటుంది.

అలాగని కనబడిన ప్రతి క్లాసుకూ ఇంటర్‌ఫేస్ తగిలించకండి. చెరువు నంబరు, ఎకరాలు, రొయ్య పిల్ల వేసిన తేదీ ఉంచుకునే పాండ్ క్లాసుకు అదేం అక్కర్లేదు. అనవసరంగా పెట్టినవాటిని చూస్తే అర్థం కాక పెట్టారని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు మొత్తం ఒకేసారి ఎక్కించకండి. మొదట ఎస్సెమ్మెస్‌తో ఒక కమిట్, తర్వాత కాల్‌తో ఒకటి, వాట్సాప్‌తో ఇంకొకటి. ఈసారి ‘ఇంకా?’ అంటే ఆ చివరి కమిట్ తెరిచి చూపించండి: కొత్త ఫైలు ఒకటి, మెయిన్‌లో ఒక లైను మారాయి, పాండ్‌మానిటర్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు.