టవర్‌లో గదన్నారు, పక్క బ్లాకులో ఇచ్చారు

సందేహం: నేను రిటైర్డ్ టీచర్‌ని. అమెరికాలో మా అమ్మాయిని చూడబోయి, పాతకాలపు ఆకాశహర్మ్యాన్ని బాగుచేసి నడుపుతున్న ఒక హోటల్లో నాలుగు రాత్రులకు ఇక్కడి బుకింగ్ యాప్‌లో 1,12,000 రూపాయలు కట్టాం. వోచర్‌లో ‘చారిత్రక టవర్ గది’ అని ఉంది. తీరా వెళ్తే ఆనుకుని ఉన్న కొత్త బ్లాకులో గది ఇచ్చారు. గొడవపెడితే మూడో రోజు టవర్‌లోకి మార్చారు, అదేమో ఇరుకు గది. యాప్ వాళ్లు ‘హోటల్‌నే అడగండి’ అంటున్నారు. విజయవాడలో కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, పటమట

సమాధానం: నిక్షేపంగా వేయవచ్చు మాస్టారూ. ‘ఊరుగాని ఊళ్లో జరిగింది, పోనీలే’ అని చాలామంది వదిలేస్తారు. మీరు వదలకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తీసుకున్నదీ, వోచర్ ఇచ్చిందీ యాపే కాబట్టి దాన్నే మొదటి ప్రతివాదిగా చూపండి. ‘మేం మధ్యవర్తులమే’ అని తప్పుకోవడం అంత తేలిక కాదు.

ఇరుకు గది సంగతి మాత్రం పక్కన పెట్టండి. షికాగోలోని రిలయన్స్ భవనాన్నే చూడండి. 1895లో ఆఫీసుల కోసం కట్టిన దాన్ని 1999లో హోటల్ చేశారు. ఒకప్పుడు డాక్టర్లు కూర్చున్న గదుల్లోనే ఇప్పుడు మంచాలు వేశారు, పాత తలుపులు, మొజాయిక్ నేల అలాగే ఉంచారు. ఇలాంటి రక్షిత కట్టడాల్లో గోడలు ఇష్టమొచ్చినట్టు జరపనివ్వరు. గది చిన్నదన్నంత మాత్రాన సేవాలోపం కాదు. వోచర్‌లో చదరపు అడుగులు వేసి, అంతకన్నా తక్కువ ఇచ్చి ఉంటే అది వేరే మాట.

మీ బలమంతా మొదటి రెండు రాత్రుల మీదే ఉంది. టవర్ గదికి రేటు కట్టించుకుని కొత్త బ్లాకులో ఉంచారు. రెండింటి రేట్లకూ ఉన్న తేడా, పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు అడగండి. నాలుగు రాత్రులూ అక్కడే బస చేశారు కనుక మొత్తం వాపసు కోరితే కేసు పలచబడుతుంది.

వోచర్, చెల్లింపు రసీదు, గది నంబరు రాసిన కీ కార్డు కవరు, గది మార్చమని పంపిన మెయిల్ భద్రం చేయండి. యాప్‌లోని గది వివరాలను ఈరోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపటికి మార్చేయవచ్చు. ప్రింట్లతో పాటు, అవి అసలు ఎలక్ట్రానిక్ రికార్డుల నుంచి తీసినవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద జతచేయాలి.

ముందు యాప్ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే, వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు వేయండి. కట్టిన మొత్తం 5 లక్షలు దాటలేదు గనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు, అది మీరు ఆ గదిలో దిగిన నాటి నుంచే లెక్క.