ర్యాంకులు కాదు, పాత క్వాలిఫైయింగ్ పేపర్లు చూడండి

ప్రశ్న: అనంతపురంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పీహెచ్‌డీ కోసం ర్యాంకింగ్ చూసి అమెరికాలో 20 యూనివర్సిటీలు రాసుకున్నాను. సగం స్టాటిస్టిక్స్, సగం అప్లైడ్ మ్యాథ్స్. మన దేశంలోనైతే ఎక్కడ ప్రయత్నించాలి? ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు ఆ అప్లైడ్ మ్యాథ్స్ సగాన్ని చాలావరకు కొట్టేయండి. ఆ విభాగాల్లో మొదటి ఏడాదంతా ఎక్కువగా పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, న్యూమరికల్ అనాలిసిస్ చుట్టూ తిరుగుతుంది. మీ మార్కుల మెమోలో ఆ పేపర్లు లేకపోతే సీటు రావడమే కష్టం. ప్రాబబిలిటీ మీద గట్టిగా పనిచేసేవాళ్లున్న ఒకటి రెండు చోట్లను మాత్రం ఉంచుకోండి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో స్టాటిస్టిక్స్, బయోస్టాటిస్టిక్స్, అప్లైడ్ మ్యాథ్స్ మూడూ వేర్వేరు విభాగాలు. అలాంటిచోట తప్పు విభాగానికి ఫీజు కడితే ఆ డబ్బు పోయినట్టే.

మిగిలినవాటిని వడపోయడానికి ర్యాంకు పనికిరాదు. పీహెచ్‌డీలో చేరాక పాసవ్వాల్సిన క్వాలిఫైయింగ్ పరీక్ష పాత పేపర్లను చాలా విభాగాలు సైట్‌లో పెడతాయి. ఒకటి ప్రింటు తీసుకుని కూర్చోండి. సున్నా నుంచి తీటా (మనకు తెలియని హద్దు) వరకు యూనిఫామ్ డిస్ట్రిబ్యూషన్ తీసుకుంటే, శాంపిల్‌లోని గరిష్ఠ విలువే మాక్సిమమ్ లైక్‌లీహుడ్ ఎస్టిమేటర్ (డేటాకు అన్నిటికన్నా బాగా సరిపోయే అంచనా) అని మీకు తెలుసు. అక్కడ అడిగేది దాని తర్వాతి మెట్టు: తీటాకీ ఆ గరిష్ఠ విలువకీ ఉన్న తేడాను రూట్ ఎన్‌తో (ఎన్ అంటే శాంపిల్ సైజు) కాక ఎన్‌తో ఎందుకు హెచ్చించాలి? లిమిట్ నార్మల్ కాకుండా ఎక్స్‌పొనెన్షియల్ ఎందుకు వస్తుంది? డిస్ట్రిబ్యూషన్ హద్దే తీటా మీద ఆధారపడటంతో మామూలు రెగ్యులారిటీ షరతులు ఇక్కడ వర్తించవని చెప్పి, నిరూపణ రాయగలిగితే ఆ విభాగం మీకు అందుతుంది. పేపర్ నిండా మెజర్ థియరీయే (ప్రాబబిలిటీకి పునాది అయిన గణితం) ఉండి, మీకు రియల్ అనాలిసిస్ పునాది పలచగా ఉంటే, దరఖాస్తుకు ముందే ఆ లోటు పూడ్చుకోవాలి. అడ్మిషన్ కమిటీలు మెమోలో మొదట వెతికేది రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా మార్కులే.

ఆ తర్వాత గైడ్లను చూడండి. ఒకే ఒక్క ప్రొఫెసర్ కోసం ఏ విభాగాన్నీ ఎంచుకోవద్దు. ఆయన రిటైరైనా, వేరే చోటికి వెళ్లినా మీరు మధ్యలో చిక్కుకుంటారు. మీకు నచ్చిన పని చేసేవాళ్లు కనీసం ముగ్గురుండాలి. గత ఐదేళ్లలో వాళ్ల దగ్గర ఎవరెవరు థీసిస్ ముగించారో, ఇప్పుడెక్కడున్నారో వెతకండి. ట్యూషన్ మినహాయింపు, స్టైపెండ్ ఎన్నేళ్లకు హామీ ఇస్తారో విభాగానికే రాసి అడగండి. బయోస్టాటిస్టిక్స్‌లో ఇది మరీ ముఖ్యం. అక్కడి ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే.

ఇరవై ఎక్కువ. ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్ల దాకా అవుతుంది. ఎనిమిది, పది చాలు. జీఆర్‌ఈ నియమం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, విడివిడిగా చూసుకోండి.

ఇక్కడి అవకాశాలను రెండో రకంగా చూడకండి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తన సొంత పరీక్ష, ఇంటర్వ్యూ పెడుతుంది. దాని బెంగళూరు కేంద్రం మీకు హైదరాబాద్ కన్నా దగ్గర. సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో గణితం, స్టాటిస్టిక్స్ ఒకే స్కూల్ కింద ఉన్నాయి. సీఎస్‌ఐఆర్ నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్ సిలబస్‌లో నాలుగో యూనిట్ మీ స్టాటిస్టిక్సే. ఆ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. గేట్‌లోనూ 2019 నుంచి స్టాటిస్టిక్స్‌కు వేరే పేపర్ ఉంది.

అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి జనవరి 15 మధ్య పడతాయి. సిఫారసు లేఖలు మూడు కావాలి. 'క్లాసులో ఫస్ట్, మంచి అమ్మాయి' అన్న లేఖకు విలువ లేదు. మీరు ఏ లెక్క దగ్గర ఆగారో, ఎలా దాటారో చెప్పగలిగేది మీ ప్రాజెక్టు గైడే. సెప్టెంబరులోనే ఆయన్ను కలిసి మెమోలు, ప్రాజెక్టు రిపోర్టు, గడువు తేదీలు రాసిన కాగితం ఇవ్వండి. లేఖ పెట్టాల్సిన లింకు నేరుగా ఆయన ఈమెయిల్‌కే వెళ్తుంది, ఒక్కోసారి స్పామ్‌లో పడుతుంది. గడువుకు వారం ముందు ఒకసారి అడిగి చూసుకోండి.