34 క్యాప్సూళ్లు పోయాక

చి. కార్తీక్‌కు,

మావయ్య ఆశీస్సులు. అటక మీద ఉన్న అట్టపెట్టె దింపావని, నా పాత గేమ్ మెషీను సూపర్ ఫామికామ్ ఇంకా పనిచేస్తోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఓడ నడుపుతూ శత్రువుల్ని కాల్చే ఆట, ఆ గ్రాడియస్ 3లో రెండో దశ బుడగల దగ్గర వారం రోజులుగా చస్తున్నావట, మొన్న కంట్రోలర్‌ని మంచం మీదకి విసిరేశావట. మంచం మీదకే కదా, పర్వాలేదు. నేను ఒకసారి గోడకే కొట్టబోయి ఆగాను.

ఆట సంగతి తర్వాత, ముందు కరెంటు. అది జపాన్ మెషీను. దాని అడాప్టర్ 100 వోల్టులకి చేసింది, మన గోడ ప్లగ్గులో వచ్చేది 230. పెట్టె అడుగున ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాంట్లోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ కనెక్షన్ ఇవ్వకు. 2006లో టోక్యో నుంచి విజయవాడ వచ్చిన మర్నాడే, ఆత్రం ఆగక, పిన్ను మార్చే ముక్క ఒకటి తగిలించి అడాప్టర్‌ని తిన్నగా గోడలో పెట్టాను. ఠప్‌మంది, ఆ వెంటనే వాసన. "ఏం మాడిందిరా?" అని వంటింట్లోంచి మీ అమ్మమ్మ కేక. నీ చేతిలో ఉన్నది రెండో అడాప్టర్. మూడోది నా దగ్గర లేదు.

ఇంకో సంగతి. క్యాసెట్ (జపాన్ వాళ్లూ దాన్ని కసెట్టో అనే అంటారు) పట్టకపోతే నోటితో ఊదకు. ఊపిరి తడికి లోపలి రాగిపట్టీలు పాడవుతాయి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో దూదిపుల్ల ముంచి తుడువు. మీ కొత్త టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే అది పెట్టు. లేకపోతే నువ్వు బటన్ నొక్కడానికీ ఓడ కదలడానికీ మధ్య కాస్త ఆలస్యం వస్తుంది. నీ చావుల్లో పదింట రెండు దాని ఖాతాలోవే అయ్యుండొచ్చు. మిగతా ఎనిమిదీ నీవే, వాటి గురించే ఈ ఉత్తరం.

ఈ ఆట గేమ్ సెంటర్లలోకి 1989లో వచ్చింది. సూపర్ ఫామికామ్ అమ్మకాలు మొదలైన నెలకి, 1990 డిసెంబర్లో, ఆట తయారుచేసిన కొనామి కంపెనీ వాళ్లు దాన్ని ఇంటికి తెచ్చారు. నేను కొన్నది చాలా తర్వాత, టోక్యోలో ఎలక్ట్రానిక్స్ బజారు అకిహబారాలో, పాత సరుకు గంపలోంచి. అప్పట్లో మా ఆఫీసులో నాకన్నా పదేళ్లు పెద్దాయన ఒకరు, కుర్రతనంలో గేమ్ సెంటర్లలో 100 యెన్ నాణేలు బోలెడు తగలేసినవాడు, శనివారాలు టోక్యోలోనే నిషికసాయి అనే పేటలో ఉన్న మా గదికి వచ్చేవాడు. మీ అత్తయ్య చేసే పెసరట్టు కోసం వచ్చేవాడో ఆట కోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నాకు తెలిసిందంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

నేను ఆడటం ఆయన మొదటిసారి చూసినప్పుడు ఒక్క మాటన్నాడు: "ఒబోయెగే." గుర్తుపెట్టుకుని ఆడే ఆట అని అర్థం. నువ్వూ నాలాగే ఇది చేతి వేగం ఆట అనుకుంటున్నావు. కాదురా. ఎక్కడ ఏ గుంపు ఎటునుంచి వస్తుందో తెలిసినవాడికి ఇందులో వేగం పెద్దగా అక్కర్లేదు. తెలియనివాడికి ఎంత వేగమున్నా చాలదు.

సరే, కింద ఉన్న పట్టీ చూశావు కదా, ఏడు గడులు. స్పీడ్, మిస్సైల్, డబుల్, లేజర్, ఆప్షన్ (ఓడ వెంట తిరుగుతూ తనూ కాల్చే చిన్న గోళం), తర్వాత ప్రశ్నార్థకం (అదే షీల్డ్), చివర ఆశ్చర్యార్థకం. శత్రువులు పేలినప్పుడు రాలే క్యాప్సూల్ ఒకటి తింటే వెలుగు ఒక గడి ముందుకి జరుగుతుంది. నీకు కావలసిన గడి మీద ఉన్నప్పుడు కంట్రోలర్ మీది పవర్-అప్ బటన్ నొక్కితే అది నీదవుతుంది, వెలుగు ఆరిపోయి లెక్క మళ్లీ మొదట్నుంచి. ఇంతే కదా అనుకుంటాం. ఒకసారి లెక్క వెయ్యి. స్పీడ్ రెండుసార్లకి 2. మిస్సైల్‌కి 2. లేజర్‌కి 4. ఆప్షన్ ఒక్కోదానికి 5 చొప్పున నాలుగింటికి 20. షీల్డ్‌కి 6. మొత్తం 34. నువ్వు బుడగల్లోకి పూర్తి హంగులతో వెళ్తున్నావంటే 34 క్యాప్సూళ్ల ఆస్తి వెంటేసుకుని వెళ్తున్నావన్నమాట. షీల్డ్ అరిగిపోయాక ఒక్క బుడగ తగిలితే అంతా గాల్లో కలిసిపోతుంది, పైగా వెనక్కి ఎక్కడికో విసిరేస్తుంది. వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టు. వైకుంఠపాళిలో నయం, నిచ్చెన ఎక్కిన పుణ్యం పోతుంది గానీ చేతిలో పాచికలు ఉంటాయి. ఇక్కడ అవీ లాక్కుంటారు.

నువ్వు చేస్తున్న తప్పు చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే నేనూ ఆర్నెల్లు అదే చేశాను. చచ్చిన వెంటనే కోపంగా మొదట్నుంచి మొదలుపెడుతున్నావు. అవునా? మొదటి దశ ఇసుక దిబ్బలు ఇప్పుడు నిద్రలో కూడా ఆడగలవు. బుడగల మొదటి ముప్పై సెకన్లు బాగా ఆడగలవు. ఆ తర్వాత చస్తావు. ఇలా వంద ఆటలాడితే ఇసుక దిబ్బల్లో వంద ఆటల అనుభవం, బుడగల్లో యాభై నిమిషాల అనుభవం వస్తుంది.

జపాన్ వాళ్లకి ఇందులో ఒక మాట ఉంది, ఫుక్కత్సు. చచ్చి లేవడం. చేతిలో ఏమీ లేకుండా, బఠానీల్లాంటి గుండ్లతో, ఆ చోటునుంచే మళ్లీ నిలదొక్కుకోవడం. ప్రతి దశలో ప్రతి చోటుకీ ఫుక్కత్సు దారి వేరేగా ఉంటుంది, దాన్ని వేరేగా నేర్చుకోవాలి. మా ఆఫీసు పెద్దాయన రెండో దశలోకి వెళ్లి కావాలని ఓడని బుడగకి గుద్దేవాడు. నేను ఉలిక్కిపడితే, "ఇప్పుడు ఆట మొదలైంది" అనేవాడు. అందుకని ఈ వారం నువ్వూ అలా చెయ్యి. గెలవాలని కూర్చోకు. ఆప్షన్స్ మెనూలో ఈజీ పెట్టుకో, సిగ్గేం లేదు. రెండో దశకి వెళ్లి, చచ్చి, అక్కణ్నుంచి లేవడం ఒక్కటే సాధన చెయ్యి.

లేచేటప్పుడు మొదటి క్యాప్సూల్‌కి స్పీడ్ తీసుకో, ఒక్కటి చాలు. ఆ తర్వాత చెయ్యి దురద పెడుతుంది, మిస్సైల్ గడి రాగానే నొక్కేద్దామనిపిస్తుంది. నొక్కకు. ఐదు కూడబెట్టి మొదటి ఆప్షన్ తెచ్చుకో. నీ గుండ్లు ఒక్కసారిగా రెట్టింపవుతాయి. ఆ ఐదు వచ్చేవరకూ చిన్న గుండుతోనే బతకాలి. అదే కష్టం, కానీ అది మహా అయితే ఒక నిమిషం. మళ్లీ మళ్లీ ఆడితే ఆ నిమిషంలో ఏ గుంపు క్యాప్సూల్ ఇస్తుందో, ఏది వట్టిదో కళ్లకే తెలిసిపోతుంది. వరసగా వచ్చే గుంపులో ఒక్కటి తప్పించుకున్నా క్యాప్సూల్ రాదు, అది మాత్రం మర్చిపోకు. నీలం క్యాప్సూల్ వస్తే అది గడి జరపదు, తెర మీదున్న శత్రువుల్ని తుడిచేస్తుంది. దాన్ని వెంటనే తినెయ్యకుండా, ఇరుక్కుంటానేమో అనిపించే క్షణం దాకా ఆగి తిను.

లేజర్ ఉన్నప్పుడు డబుల్ గడి మీద పొరపాటున నొక్కావనుకో, లేజర్ పోయి డబుల్ వస్తుంది. ఆ రెండూ కలిసి ఉండవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. కంగారులో ఈ తప్పు నేను ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. స్పీడ్ సంగతీ అంతే. ఒకసారి వరసగా నాలుగు తీసుకున్నాను, ఓడ చేపపిల్లలా జారి తనంతట తనే గోడకి గుద్దుకుంది. రెండు దాటకు.

ఆప్షన్లని నువ్వు ఇంకా వాడటం లేదనుకుంటా, వెంట తిప్పుకుంటున్నావంతే. అవి కోడి వెనక పిల్లల్లా నువ్వు నడిచిన దారినే నడుస్తాయి. నువ్వు ఆగితే ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఇక్కడే ఉంది కిటుకు. ఓడని తెర కింది నుంచి పైకి తిన్నగా తీసుకెళ్లి ఆపు. నాలుగూ నీ కింద నిలువుగా, నిచ్చెన మెట్లలా నిలబడతాయి. ఇప్పుడు కదలకుండా కాల్చు, తెర ఎత్తులో చాలా భాగం నీ గుండ్లే. బుడగల్లో నేను ఇలాగే, ఎడమ అంచుకి కాస్త ఇవతల, వాటిని నిలువుగా పరిచి నిలబడేవాణ్ని. పెద్ద బుడగ పగిలితే చిన్నవి నాలుగు దిక్కులా ఎగురుతాయి కదా, అందుకే దగ్గరకి రానిచ్చి పగలగొట్టకూడదు, దూరంగా ఉండగానే పగలాలి. ఆయుధాల ఎంపికలో రిపుల్ ఉన్నది తీసుకో. గుండ్రంగా విచ్చుకుంటూ పోయే ఆ ఉంగరాలు బుడగలకి బాగా సరిపోతాయి. షీల్డ్ దగ్గర ఫోర్స్ ఫీల్డ్ ఎంచుకో. మామూలు షీల్డ్ ముందువైపే కాస్తుంది, బుడగలేమో వెనకనుంచి కూడా వచ్చి తడతాయి.

షీల్డ్ ఉన్నప్పుడు ఇంకోటి చెయ్యాలి. మరో ఆరు క్యాప్సూళ్లు తిని వెలుగుని ప్రశ్నార్థకం గడి మీదే నిలిపి ఉంచు. పాత షీల్డ్ పోయిన క్షణంలో నొక్కితే కొత్తది సిద్ధం. అప్పుడు ఎదురుగా ఇంకో క్యాప్సూల్ తేలుతూ వచ్చినా దాన్ని తినకూడదు. తింటే వెలుగు ముందుకి పోతుంది. పప్పుండలు ఎదురుగా పెట్టి ముట్టుకోకు అన్నట్టుంటుంది, తెలుసు. అయినా తప్పుకుని పో.

బుడగలు ఎక్కువైనప్పుడు ఆట మొత్తం ఎత్తు ఎక్కుతున్న ఎడ్లబండిలా నెమ్మదిస్తుంది, గమనించావా? మెషీను పాడైందేమోనని మీ అమ్మని అడిగావట. పాడవలేదు. దాని ప్రాసెసర్ మహా అయితే 3.58 మెగాహెర్ట్జ్, అన్ని బుడగల లెక్క దానికి మోయలేని బరువు. 2019లో బ్రెజిల్ ప్రోగ్రామర్ ఒకాయన, ఎస్ఏ-1 అనే చిప్‌ని వాడుకునేలా ఆటనే మార్చేసి ఈ నత్తనడక లేకుండా చేశాడు. గొప్ప పనే. నువ్వు మాత్రం ఇప్పుడే దాని జోలికి పోకు. నెమ్మదించిన ఆ రెండు మూడు సెకన్లే నీకు దారి వెతుక్కునే సమయం. అదంతా పోతే నువ్వు మొదటి దశలోనే ఏడుస్తావు.

బుడగలు దాటాక పెద్ద కన్ను ఒకటి, చుట్టూ బుడగల్ని కప్పుకుని వస్తుంది. బుడగల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చోకు, కన్నుకి ఎదురుగా ఉండే వరసలోకి వెళ్లి దాన్నే కొట్టు. తర్వాతి దశల్లో ఒకచోట మోఆయ్ అనే ఈస్టర్ దీవి రాతి తలలు వస్తాయి, నోరు తెరిచి ఉంగరాలు ఊదుతుంటాయి. నోట్లోనే కొట్టాలి, నెత్తి మీద ఎంత కాల్చినా గుండ్లు దండగ. మిగతా దశల గురించి ఇప్పుడు రాయను, నువ్వు అక్కడికి చేరాక అడుగు. చివర వచ్చే శత్రువుల రాజు బాక్టేరియన్ గురించి భయపడకు. ఇంత కష్టపెట్టిన ఆటకి అంత చేతగాని యజమాని ఏమిటా అని నాకు కోపమే వచ్చింది.

ఈ క్యాసెట్లో సేవ్ ఉండదు. ఆపేస్తే అంతా పోతుంది. అందుకని భోజనానికి పిలిచినప్పుడు పాజ్ చేసి వెళ్లు, "ఒక్క నిమిషం అమ్మా" అని అరగంట లాగకు. నా చిన్నప్పుడు ఆ ఒక్క నిమిషాలన్నీ మీ అమ్మే భరించింది, ఇప్పుడు నీవీ ఎందుకు.

ఇక కోడ్. నువ్వు అడగకముందే చెబుతున్నాను, ఎలాగూ ఇంటర్నెట్‌లో చూస్తావు. 1986లో మొదటి గ్రాడియస్‌ని ఫామికామ్‌కి (సూపర్ ఫామికామ్ కన్నా ముందటి మెషీను) తెచ్చినప్పుడు కజుహిసా హషిమోతో అనే ఆయనకి, ఆటని పరీక్షిస్తుంటే అది తనకే మరీ కష్టంగా ఉందట. అందుకని పాజ్ చేసి పైకి, పైకి, కిందకి, కిందకి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ నొక్కితే హంగులన్నీ వచ్చేలా పెట్టుకున్నాడు. ఆయన 2020లో పోయారు. చేసినవాడికే కష్టమైందంటే నీకు ఏడుపొస్తే తప్పేముంది.

కానీ ఈ మూడో ఆటలో కొనామి వాళ్లు కొంటెతనం చేశారు. ఆ కోడ్‌ని ఉన్నదున్నట్టు, దిక్కుల బటన్లతో ఎడమ కుడి నొక్కితే ఓడ తనకి తానే పేలిపోతుంది. నేను మా ఆఫీసు పెద్దాయన ముందు గొప్పగా నొక్కి చూపించాను. 34 క్యాప్సూళ్లూ ఆయన కళ్లముందే బూడిద. ఆయన నవ్వి నవ్వి పెసరట్టు గొంతుకి అడ్డం పడి మంచినీళ్లు తాగాడు. ఎడమ కుడి బదులు కంట్రోలర్ పై అంచున ఉండే ఎల్, ఆర్ బటన్లు నొక్కాలి. బుడగల దగ్గర ఫుక్కత్సు నీకు వచ్చేసిందనుకున్న రోజున వాడుకో.

మీ ఎదురింటి కుర్రాడు కూడా ఆడటానికి వస్తున్నాడట కదా. వాడికి మాత్రం ఎడమ, కుడి అనే చెప్పు.

ఇట్లు,
మావయ్య