మొదటి కెమెరా, రెండో లెన్సు

ప్రశ్న: కెనాన్ 1500డీ కొన్నాం. దాంతోపాటు 18-55 లెన్సు వచ్చింది. ఆరుబయట ఫొటోలు బాగున్నాయి. రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పిల్లల్ని తీస్తే మసగ్గా వస్తున్నాయి. లేదంటే ఫ్లాష్ లేచి, మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయి. 50 ఎం.ఎం. లెన్సు కొనుక్కోమని షాపతను అంటున్నాడు. కొనమంటారా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ కెమెరాలో లోపమేమీ లేదు. 18-55ని చివరిదాకా జూమ్ చేస్తే దాని అపర్చర్ (వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం) ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. ఎఫ్/1.8 ఉన్న 50 లెన్సు అంతకు తొమ్మిది పది రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. ఇప్పుడు షట్టర్‌కు 1/25 సెకను పడుతున్న చోట దాదాపు 1/250 వస్తుందన్నమాట. ఆడుకునే పిల్లలకు కావలసింది ఆ వేగమే. మీ లెన్సు మీద ఐఎస్ అని ఉన్నా అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పిల్లల పరుగును ఆపలేదు.

కొనే ముందు మాత్రం టేపు తీసుకుని గది కొలవండి. 1500డీ సెన్సరు (వెలుతురును ఫొటోగా మార్చే పలక) వెడల్పు 22.3 ఎం.ఎం. కాబట్టి 50 లెన్సుతో మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే అడ్డంగా 1.3 మీటర్ల మేరే ఫ్రేములో పడుతుంది. ఇద్దరు పిల్లలకు అది చాలు. సంక్రాంతికి చుట్టాలంతా వచ్చి ఐదు మీటర్ల వరసలో నిలబడితే మాత్రం మీరు పదకొండు మీటర్లు వెనక్కి జరగాలి. అంటే గుమ్మం దాటి వీధిలోకి! ఈఎఫ్-ఎస్ 24 ఎం.ఎం. ఎఫ్/2.8 లెన్సుకు ఐదున్నర మీటర్లు సరిపోతుంది. కానీ మీ 18-55 కూడా 24 దగ్గర ఎఫ్/4 దాకా తెరుచుకుంటుంది. అక్కడ మీకు దక్కే వెలుతురు లాభం రెండింతలే. అందుకే మా ఓటు 50కే. గుంపు ఫొటోలు పగటిపూట వరండాలో, ఉన్న లెన్సుతోనే తీసుకోండి.

50లో ఎస్‌టీఎమ్ (లోపలి ఫోకస్ మోటారు రకం) అని రాసి ఉన్నదే అడగండి. కొత్తది పదివేలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంతకు ముందు వచ్చిన ‘2’ రకానికి మౌంటు (కెమెరాకు బిగించే చుట్టు) ప్లాస్టిక్‌ది, 45 సెంటీమీటర్లకన్నా దగ్గరి వస్తువు మీద ఫోకస్ కాదు. ఎస్‌టీఎమ్‌కు లోహపు మౌంటు, 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లొచ్చు.

లెన్సు రాగానే అందరూ ఎఫ్/1.8లో పెట్టి తీసేస్తారు, తర్వాత ‘ఫోకస్ రావట్లేదు’ అంటారు. మీటరున్నర దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం ఆరు సెంటీమీటర్లే. ముక్కు స్పష్టంగా ఉండి చెవి మసకబారుతుంది. ఏవీ మోడ్‌లో (అపర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది) ఎఫ్/2.2తో మొదలుపెట్టండి. ఇద్దరు పిల్లలు ముందూ వెనకా ఉంటే ఎఫ్/2.8 పెట్టి, మూడు మీటర్ల దూరం జరగండి. అప్పుడు ఆ మందం 38 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 1/250 రాకపోతే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600కో 3200కో పెంచండి. కాస్త గరుకు కనిపించినా ఫరవాలేదు, కదిలిపోయిన మొహాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ఈ కెమెరాలో ఉన్న తొమ్మిది ఫోకస్ పాయింట్లలో నడిమిది ఒక్కటే క్రాస్ టైపు, అంటే నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ రెండింటినీ పట్టుకునేది. ఆ ఒక్కదాన్నే ఎంచుకుని కంటి మీద పెట్టండి. వెనక తెర చూస్తూ తీస్తే ఫోకస్ నత్తనడకే, వ్యూఫైండర్‌లోనుంచి చూడండి.

ఒక్క చిక్కు మిగిలింది. పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. 1/250 దగ్గర ఒక ఫొటో పచ్చగా, మరొకటి చీకటిగా రావచ్చు. వరసగా మూడు నాలుగు తీసి మంచిది ఉంచుకోండి. కదలకుండా కూర్చున్నవాళ్లకైతే 1/100 చాలు, ఈ తేడా ఉండదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ నికాన్ డీ3500కి ఎఫ్/1.8డీ రకం 50 లెన్సు చవగ్గా దొరికితే కొన్నాను. ఫోకస్ అసలు కదలడం లేదు. లెన్సు పాడైందా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాడవలేదు. డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, అది లెన్సులోనే ఉండాలి. ‘డీ’ రకం లెన్సులో లేదు. మీకు పేరు మీద ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ ఉన్న లెన్సు కావాలి. దీన్ని మార్చుకోగలిగితే ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎం.ఎం. ఎఫ్/1.8జీ తీసుకోండి, గదిలోనూ అదే సుఖం. మార్చుకోలేకపోతే లెన్సు మీది అపర్చర్ రింగును ఎఫ్/22 దగ్గర పెట్టి తాళం వేయండి, లేకుంటే కెమెరా ‘ఎఫ్ఈఈ’ అని మొరాయిస్తుంది. తర్వాత చేత్తో ఫోకస్ చేస్తూ వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క వెలిగినప్పుడు నొక్కండి. దీనికి తలకిందులైన మోసమూ ఉంది: డీ3100, డీ5100 లాంటి పాత బాడీలకు ఏఎఫ్-పీ లెన్సు తగిలిస్తే ఫోకస్ పనిచేయదు.

ప్రశ్న: డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయిందంటున్నారు. పాతది కొంటే డబ్బు వృథాయేనా? కొంటే ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: డీ3500 తయారీ ఆగిపోయిన మాట నిజమే. లెన్సు మీద పెట్టిన డబ్బు మాత్రం పోదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆ కంపెనీ కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు పనిచేస్తాయి. ఆ మిర్రర్‌లెస్‌ల కోసం చేసిన ఆర్ఎఫ్ లెన్సులు మాత్రం డీఎస్ఎల్ఆర్‌కు పట్టవు.

బేరానికి వెళ్లేటప్పుడు మీ మెమరీ కార్డు పట్టుకెళ్లండి. ఎఫ్/22 పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్లటి గోడను తీయండి. రెండు మూడు ఫొటోల్లో ఒకేచోట నల్లచుక్కలు కనిపిస్తే అది సెన్సరు మీది దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు. చుక్కలుగాక గీతలుంటే వదిలేయండి. లెన్సు విప్పి వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, ఎంత చవకైనా వద్దు. నికాన్ జేపెగ్ ఫొటో వివరాల్లోనే షట్టర్ లెక్క (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో) తెలుస్తుంది. డీ3500 షట్టర్‌ను లక్ష క్లిక్కుల దాకా పరీక్షించారు కాబట్టి డెబ్భై వేలు దాటినదానికి ధర గట్టిగా తగ్గించమనండి. బ్యాటరీ గూట్లోంచి జారకుండా బిగుసుకుంటే ఉబ్బిందని అర్థం. బిల్లులోని సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్నది ఒకటేనా చూడండి.

ప్రశ్న: నేలపట్టులో గూడబాతుల్ని తీయాలనుంది. డబుల్ కిట్‌లో ఇచ్చే 75-300 చాలదా?
– పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: కిట్‌లో ఇచ్చే కెనాన్ ఈఎఫ్ 75-300కి ఐఎస్ లేదు, 300 దగ్గర ఫొటో పదును తగ్గి మెత్తగా వస్తుంది. ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎమ్ వెతకండి. నికానైతే ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 రెండు రకాలుగా ఉంది, ‘వీఆర్’ (నికాన్‌లో ఐఎస్‌కు పేరు) అని రాసి ఉన్నదే తీసుకోండి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1000కి తగ్గొద్దు.

ప్రశ్న: లెన్సును బియ్యం డబ్బాలో దాచొచ్చా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు, తవుడు లోపలికి చేరుతుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే, వంటకు వాడని పాత మూకుడులో సన్నని సెగ మీద మళ్లీ నీలమయ్యేదాకా వేడిచేయండి. తోలు కేసులో మాత్రం ఉంచొద్దు, సముద్రం గాలికి చెమ్మ పట్టి ఫంగస్ అక్కడే మొదలవుతుంది.