వాగు నీళ్లతో పాడైన నేలకు వట్టివేరు, బ్యాక్టీరియా మందు చాలా?

ప్రశ్న: నక్కవాగు పక్కన మాకు రెండున్నర ఎకరాల పొలం ఉంది. బోరు ఎండిపోయాక రెండేళ్లుగా వాగు నీళ్లే పారిస్తున్నాం. ఎగువన ఫ్యాక్టరీలు ఉన్నాయి. వరి నాటి నెల దాటినా ఎదగకుండా గిడసబారింది. జింకు లోపమనుకుని రెండుసార్లు జింక్ సల్ఫేట్ కొట్టాను, ఫలితం లేదు. వట్టివేరు నాటి, ఎకరాకు 5 లీటర్ల బ్యాక్టీరియా మందు పోస్తే ఒక్క పంటకాలంలో నేల శుభ్రమవుతుందని షాపులో చెబుతున్నారు. కొనమంటారా? ఈలోగా అర ఎకరంలో పాలకూర వేయవచ్చా? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మందు కొనకండి. పాలకూర అసలే వేయకండి.

ముందు జింకు సంగతి. జింకు లోపమైతే పైనుంచి మూడో, నాలుగో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. మీ ఫొటోల్లో మచ్చలు లేవు. ఆకు కొసలు తెల్లబడి, చుట్టుకుని ఎండాయి. రెండో ఫొటోలో గట్టు మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తోంది. అది ఉప్పు. మీ వరిని ముందుగా దెబ్బతీస్తున్నది వాగు నీటిలోని లవణాలేనని నా అనుమానం. వాటి వెనుక సీసం, కాడ్మియం, క్రోమియం లాంటివి కూడా చేరి ఉండవచ్చు. అది ఫొటో చూసి చెప్పలేం, పరీక్షలోనే తేలుతుంది. జింక్ సల్ఫేట్ ఇక ఆపేయండి.

పరీక్ష చేయించకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. పొలంలో 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో గుంత తీసి, 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసుకోండి. 15–30 సెం.మీ. లోతు మట్టిని విడిగా పెట్టండి. ఒక్కోటి బాగా కలిపి అర కిలో చొప్పున కొత్త పాలిథిన్ కవర్లో వేయండి. తుప్పు పట్టిన పార, జింకు పూత బకెట్ వాడితే లెక్కలు తప్పుతాయి, చెక్క పుల్ల, ప్లాస్టిక్ తొట్టి వాడండి. వాగు నీళ్లు కూడా ఒక లీటరు ఇవ్వండి. మామూలు భూసార పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్), లవణ పరిమాణం (ఇ.సి.), పోషకాలు చూస్తారు, సీసం, కాడ్మియం లాంటి భార లోహాలు చూడరు. వాటిని విడిగా అడిగి రాయించాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేసి, ‘రిపోర్టు బాగుంది’ అని తిరిగి వచ్చేస్తారు.

రిపోర్టులో లవణ పరిమాణం 4 డెసిసీమెన్స్/మీటరు దాటి, లోహాలు లేకపోతే అదృష్టవంతులే. వానాకాలంలో మడులు కట్టి, 10–15 సెం.మీ. నీరు నిలబెట్టి, 4–5 రోజులకు మురుగు కాల్వలోకి తీసేయండి. ఇలా 3–4 సార్లు చేయాలి. ఉదజని సూచిక 8.5 దాటితేనే జిప్సం, అదీ పరీక్షలో రాసినంతే.

లోహాలు ఉంటే కథ వేరు. బ్యాక్టీరియా లోహాన్ని తినదు. డీజిల్ లాంటి నూనెలు పడిన నేలలో అయితే వేళ్ల దగ్గరి బ్యాక్టీరియా ఆ నూనెను ముక్కలు చేసి తినేస్తుంది. సీసం, కాడ్మియం మూలకాలు, వాటిని ముక్కలు చేసేదేమీ లేదు. బ్యాక్టీరియా చేయగలిగింది లోహం రూపం మార్చడం, మొక్క వేరును బతికించడం. ఆమ్లాలు విడిచే రకాలైతే లోహాన్ని కరిగించి మొక్కలోకి ఇంకా ఎక్కువగా ఎక్కిస్తాయి కూడా. అలాంటి మందు పోసిన మడిలో పాలకూర వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. అసలే ఆకుకూరలు కాడ్మియాన్ని బాగా లాగుతాయి.

పైగా మీది పటాన్‌చెరు వైపు. అక్కడ మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. కొన్ని రకాల బ్యాక్టీరియాకు హాని చేసే స్థాయికి అది వెయ్యి రెట్లకు పైనే. ఇప్పుడు మీ వాగులో ఎంతుందో పరీక్షే చెప్పాలి కానీ, అలాంటి నీళ్లు పారే నేలలో సీసాలోని బ్యాక్టీరియా బతుకుతుందని హామీ ఇచ్చేదెవరు? షాపాయనను అడగండి, రాసివ్వమనండి.

‘ఒక్క పంటకాలం’ అన్నారు కదా, లెక్క వేద్దాం. ఎకరంలో పై 15 సెం.మీ. మట్టి సుమారు 8 లక్షల కిలోలు. కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుంటే మొత్తం 4 కిలోలు. లోహాన్ని లాగడానికి వేసే ఆవ మొక్కలు ఎకరాకు 4 టన్నుల ఎండు గడ్డి ఇచ్చి, అందులో కిలోకు 10 మిల్లీగ్రాములు లాగినా ఒక పంటకు పోయేది 40 గ్రాములు. 4 కిలోలు పోవాలంటే 100 పంటలు! సగం తగ్గడానికే 50. మట్టిని బట్టి అంకెలు మారతాయి కానీ ఒక్క పంటలో అయ్యే పని కాదు. ఈ లెక్క చెప్పకుండా రైతుకు సీసా అంటగట్టడం అన్యాయం.

వట్టివేరు మంచి మొక్కే. వేళ్లు 3 మీటర్ల దాకా దిగుతాయి. అయితే లోహంలో ఎక్కువ భాగాన్ని వేళ్లలోనే పట్టి ఉంచుతుంది, పైకి పంపదు. అంటే నేల శుభ్రం కాదు, విషం దుమ్ములోకి, పక్క పొలంలోకి, బోరులోకి పోకుండా కొంత ఆగుతుంది. మీకు ఇప్పుడు కావలసింది అదే. జూన్–జులైలో 2–3 పిలకలున్న దుబ్బులను 20 సెం.మీ. ఎత్తుకు కత్తిరించి, వాగు వైపు గట్టు వెంట 10–15 సెం.మీ. ఎడంలో నాటండి. మడిలో అయితే 45 × 30 సెం.మీ. నాటేటప్పుడు ఎకరాకు 2 కిలోల సూడోమోనాస్ (వేళ్లకు మేలు చేసే బ్యాక్టీరియా) పొడిని 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి వేళ్ల దగ్గర వేస్తే మొక్క నిలదొక్కుకుంటుంది. బ్యాక్టీరియాకు ఖర్చు పెట్టాలనుకుంటే ఇంతవరకే.

లోహాన్ని లాగడానికి ఆవాలు వేస్తే గింజ కట్టకముందే, పూతలో 45–50 రోజులకు వేళ్లతో పీకేయాలి. ఆ గడ్డిని పశువులకు వేయకూడదు, కంపోస్టు చేయకూడదు, కాల్చకూడదు. ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి వాళ్లను ముందే అడిగి తేల్చుకోండి. దారి లేకపోతే ఆవాలు వేయకండి.

వాగు నీళ్లు రేపటి నుంచే ఆపండి. పైనుంచి విషం వస్తుంటే కింద ఏ మొక్కా నిలబడదు. ఎగువ ఫ్యాక్టరీల మీద మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు దాచుకోండి. గేదెలను వాగు గడ్డికి వదలకండి.

ఇంకొకటి. వేసవిలో మన ఇళ్లలో నీళ్ల కుండలో వట్టివేరు వేసుకుంటాం. ఈ పొలంలో తీసిన వేరు మీ కుండలో వేయకండి, ఎవరు అడిగినా అమ్మకండి.